గుర్రం పక్కన తలపాగా

ఆమె పోయిందన్న సంగతి నాకు ట్రంపెట్ ఊదే మనిషి చెప్పాడు, రెండు పాటల మధ్యన. కోకాపేట అవతల ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర స్వాగత తోరణం కట్టిస్తున్నాను. పెళ్ళికొడుకు పైకప్పు లేని కారులో నిలబడి చేతులు ఊపుతున్నాడు. ట్రంపెటాయన ఊదడం ఆపి, గొట్టంలోంచి ఉమ్మి దులిపి, "అన్నా, గుర్రమక్క పోయిందంట, ఎరుకేనా? నిన్న పొద్దుగాల. పెద్ద దవాఖానల," అన్నాడు. నేను నోరు తెరిచేలోగా తర్వాతి పాట మొదలైంది. బాగా హుషారైన పాట. ఆయన బుగ్గలు పూరించి ఊదుతూనే నా వైపు చూసి, నిజమే అన్నట్టు తల ఊపాడు.

నార్సింగిలో నాకు టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలతో పాటు కథలు కూడా సప్లయ్ చేస్తానని ఊళ్ళో పేరు. బరాత్‌కి గుర్రం కావాలని పెళ్ళివారు అడిగితే ఆమె గుర్రాన్ని మాట్లాడిపెట్టేది నేనే. గుర్రం పేరు చాందినీ. తెల్లటి ఆడగుర్రం. దాని ముత్తవ్వ ఏదో సంస్థానం దివాన్ గారి బగ్గీ లాగిందని చెప్పేవాణ్ణి. ఐటీ కంపెనీల పక్కన పెరిగింది కాబట్టి ఇంగ్లీషులో ఆగమంటేనే ఆగుతుందని చెప్పేవాణ్ణి. ఒక పెళ్ళికొడుకు ఎంత భారీ మనిషంటే, గేటు దగ్గర దిగిపోయి ఆయనే గుర్రాన్ని చంకనెత్తుకుని మండపం దాకా తెచ్చాడని కూడా చెప్పాను. అది విన్నవాళ్ళు గుర్రాన్ని ఖాయం చేసుకోకుండా వెళ్ళిన దాఖలా లేదు.

ఆమె మాత్రం నా కథలు వింటూ గడ్డి విదిలిస్తూ అనేది: "తమ్మీ, నువ్వు చచ్చినంక నీ నాలుకను వేరే కాల్చాలె. దానికే శానా కట్టెలు గావాలె."

గుర్రం పక్కన నడిచే మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. జనం పెళ్ళికొడుకుని చూస్తారు, గుర్రం మెడలో పూసల్ని చూస్తారు, ముందు ఎగిరేవాళ్ళని చూస్తారు. కళ్ళెం పట్టుకున్న మనిషి వాళ్ళకి గుర్రానికున్న అయిదో కాలు లాంటిది. ఎర్ర కోటు, జరీ అంచు, తలపాగా, అంతే. ఎవరి కంటా పడకపోవడమే ఆమెకు కూడు పెట్టింది.

ఎందుకంటే ఆ ఎర్ర కోటు ఆమె భర్తది. ఆయన ఒక ఎండాకాలం బరాత్‌లో నడుస్తూ నడుస్తూ కుప్పకూలి లేవలేదు. అప్పటికే రాబోయే ముహూర్తాలన్నిటికీ గుర్రం ఒప్పుకుని ఉంది. చాందినీలో సగం వాటా ఉన్న మరిది నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు, గుర్రం అతని చేతికి లొంగదు. దానికి మేత వేసి, కడిగి, దువ్వి పెంచింది ఆమె. కానీ మొగుడు పోయిన మనిషి పెళ్ళికొడుకుకి ఎదురొస్తేనే కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయలుదేరే జనం మనది. అలాంటిది ఆమే గుర్రాన్ని నడిపించి మండపానికి తీసుకొస్తే ఊరుకుంటారా? అందుకని ఆమె భర్త కోటు తొడుక్కుంది. తలపాగా చుట్టి, దాని కొసను దుమ్ము పడకుండా అన్నట్టు మూతికి అడ్డంగా లాక్కుంది. ఈ గుట్టు తెలిసింది మరిదికి, నాకు, ట్రంపెటాయనకి.

మీసం కూడా అంటించుకునేదని తర్వాత్తర్వాత నేను నలుగురికీ చెప్పాను. అది నా కల్పన. మీసం అవసరమే రాలేదు. ఎవరి చూపూ ఆ మొహం దాకా వచ్చేది కాదు.

ఒకే ఒక్క నియమం. బరాత్ నడుస్తున్నంత సేపూ నోరు విప్పకూడదు, గొంతు వింటే గుట్టు పోతుంది. గుర్రంతో నాలుక చప్పుడుతో మాట్లాడేది. నాతో వేళ్ళతో మాట్లాడేది. పెళ్ళికొడుకు గుర్రం దగ్గరికి రాగానే ఎగాదిగా చూసి, కోటు పక్కన వేళ్ళు చాపేది. ఒక వేలు అంటే ఒక బియ్యం బస్తా బరువు. రెండు వేళ్ళంటే రెండు బస్తాలు. వేలు సగానికి మడిస్తే అర బస్తా. ఒకసారి ఒకాయనకి వేళ్ళు చాపడం మానేసి ఆకాశం వైపు దండం పెట్టింది. నేను షామియానా వెనక్కి పోయి నవ్వుకున్నాను. బరాత్ ముగిశాక నన్ను కసిరింది: "నీకు నవ్వులాట. మొయ్యాల్సింది నువ్వా, అదా?"

చాందినీ నడుముకి దెబ్బ తగిలిన రోజు పెళ్ళికొడుకు ఒక బస్తా మించడు. బక్కపలచని సాఫ్ట్‌వేర్ అబ్బాయి. గుర్రం ఎక్కడానికే భయపడుతుంటే ఆమె అతని చెప్పు కింద చెయ్యి పెట్టి మెల్లగా పైకెత్తింది. పొద్దున పూట ముహూర్తం, ఎండ అప్పుడే చుర్రుమంటోంది. ఫంక్షన్ హాలు గేటు దగ్గరికి వచ్చేసరికి పెళ్ళికొడుకు ఆఫీసు దోస్తులకి రీల్ తియ్యాలన్న కోరిక పుట్టింది. ఒకడు ఫోను పట్టుకున్నాడు. ఒకడు వెనకనుంచి ఎగిరి పెళ్ళికొడుకు వెనక కూర్చున్నాడు. ఇంకొకడు వాడి భుజాలు పట్టుకుని గుర్రం నడ్డి మీద నిలబడ్డాడు. డీజే బండిలోంచి దరువు పెరిగింది. నిలబడ్డవాడు ఆ దరువుకి ఎగిరాడు.

చాందినీ వెనక కాళ్ళు విప్పుకున్న గొడుగు ఊసలు మడతపడ్డట్టు మడతపడ్డాయి. అది కుక్కలా కూర్చుంది. ముగ్గురూ జారి కింద పడ్డారు, ఎవరికీ గీత కూడా పడలేదు, అందరూ చప్పట్లు కొట్టారు. నేను తోరణం దగ్గరనుంచి పరుగెత్తాను. ఆమె కళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. మూతికి అడ్డంగా ఉన్న తలపాగా కొస నోట్లోకి పోయి ఉంది. పళ్ళతో కొరికి పట్టుకుంది దాన్ని.

ఆ మధ్యాహ్నం గుర్రాన్ని ఎలాగో నడిపించి షెడ్డుకు చేర్చాక నాతో అంది: "వాళ్ళు ఎక్కుతుంటే సూస్తనే ఉన్న తమ్మీ. దిగున్రిరా అని మూతి కాడి దాకొచ్చింది. మింగిన. నోరు తెరిస్తే పెండ్లి ఆగుతదని మింగిన."

ఆ మాట తర్వాత ఆమె ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పొయ్యి ముందు కూర్చుని, భర్త కాలంనాటి జీనుని గొడ్డలితో నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్కటే మంటలో పెట్టింది. కింద చెక్క, పైన తగరపు పూలు, అద్దాలు. తగరం కాలదు కదా, పూలు నల్లబడి పొయ్యిలోనే ఉండిపోయాయి. ఆ పొయ్యి మీదే ఆ పూట అన్నం వండుకుంది.

షెడ్డు అంటే, నార్సింగి పాత ఊరికి ఆనుకుని, కోర్టు తగాదాలో ఉన్న ఖాళీ స్థలంలో నాలుగు రేకులు. తగాదా తెగలేదు కాబట్టి ఆ మూల మాత్రం అపార్ట్‌మెంట్ మొలవలేదు. చుట్టూ అద్దాల బిల్డింగులు. పొద్దుటెండ వాటి మీద పడి తిరిగి షెడ్డులోకి కొట్టేది, అందుకని అక్కడ పొద్దు రెండు వైపులనుంచీ వచ్చేది.

పశువుల దవాఖాననుంచి డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, గోదావరి వైపు మనిషి. చాందినీ వెన్ను పొడవునా బొటనవేళ్ళతో నొక్కుకుంటూ వెళ్ళింది. నడుము దగ్గరికి వచ్చేసరికి గుర్రం వీపు ఒక్కసారిగా కిందికి కుంగింది, చెవులు వెనక్కి పడిపోయాయి.

"చూశారాండీ? ఇక్కడే. ఎముక విరగలేదు, అదృష్టం. కండ, దాన్ని పట్టి ఉంచే నరాలు బాగా దెబ్బతిన్నాయండి. కోలుకుంటుంది, కానీ నెలలు పడుతుంది. ఇంజెక్షన్లు నేనిస్తాను. మిగతాది మీ చేతుల్లో ఉందండి."

"మల్ల సీజన్‌కు తయారైతదా మేడం?" అన్నాడు మరిది.

"నడవడానికి తయారవుతుంది. ఎక్కడానికి కాదండి. బాగైపోయినట్టు కనబడినా సరే, దీని మీద ఇంకెవరూ ఎక్కకూడదు. ఇంకోసారి ఇలా అయితే లేవదు." ఆవిడ చాందినీ మోకాళ్ళ వైపు చూసింది. అక్కడ చర్మం గీసుకుపోయి ఉంది. "ఇది పడుకుంటోందాండీ?"

మరిది నవ్వాడు. "గుర్రం పండుకుంటదా మేడం? పండుకున్నదంటే పోయినట్టే గద."

"కాదండి. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది అంతే. అసలైన నిద్ర కావాలంటే కాసేపైనా పడుకోవాలి. వీపు నొప్పిగా ఉంటే మళ్ళీ లేవలేనేమోనని భయం, అందుకని పడుకోదు. అలా నిద్రలేక లేక నిలబడ్డచోటే తూలి మోకాళ్ళ మీద పడుతుంది. ఇవి ఆ దెబ్బలే."

ఆమె అంతవరకూ గుర్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. మెల్లగా అడిగింది: "అంతకుముందుగూడ మేం దాన్ని పండుకోనియ్యలేదమ్మా. ముహూర్తాలున్నప్పుడు పొట్టి తాడేసి కడ్తుంటిమి. పండుకుంటె పేడ మరకలు పడ్తయి, తెల్లగుర్రం మీద మరకుంటే పెండ్లోళ్ళు ఊకోరు. మా ఆయన గట్లనే కట్టేటోడు, నేనూ గట్లనే కట్టిన. అంటే అది ఇన్నేండ్లు నిద్ర లేకనే తిరిగిందా?"

డాక్టరమ్మ సూది మందు సీసాలోకి సూది గుచ్చి, అవసరమైనదానికంటే ఎక్కువసేపు దానికేసే చూసింది. గుర్రమక్క వెళ్ళి గుంజకున్న తాడు విప్పేసింది. ఆ తర్వాత చాందినీ మెడకి ఆ షెడ్డులో తాడు పడగా నేను చూడలేదు.

గుర్రం పని చెయ్యకపోతే గుర్రానికి మేత ఎవరు పెడతారు? ఆమె ఒక ఐటీ టవర్‌లో హౌస్ కీపింగ్‌కి కుదిరింది. నీలం చీర, మెడలో గుర్తింపు కార్డు. వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి గుర్రానికి కసరత్తు. డాక్టరమ్మ చెప్పినట్టు గుర్రం మూతి ముందు క్యారెట్ పట్టుకుని, దాన్ని మెల్లగా పక్కటెముకల వైపుకి, తర్వాత ముందుకాళ్ళ మధ్యకి తీసుకుపోవాలి. గుర్రం దానికోసం మెడ తిప్పుతుంటే వీపు సాగుతుంది. ఆ క్యారెట్లు ఎక్కడివనుకున్నారు? టవర్ క్యాంటీన్‌లో వాళ్ళు సలాడ్ అని పెట్టుకుని వదిలేసినవి. కీరా, బీట్‌రూట్ కూడా సంచీలో వేసుకొచ్చేది. తోరణం, దండ, పూసలు లేకపోయినా చాందినీ ఐటీ ఉద్యోగుల భోజనం తిని బతికిందని నేను చెప్తే, ఇది మాత్రం కథ కాదు.

దాని తర్వాత గొట్టాలు. గుర్రం కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తూ నడవాలి, అప్పుడే వీపు కండ గట్టిపడుతుంది. ఆమె నా గోడౌన్‌కి వచ్చి షామియానా గొట్టాలు అడిగింది. వాటిని నేలమీద వరసగా పరిచి, ఒక్కొక్కటీ దాటిస్తూ నడిపించేది. మొదట్లో చాందినీ మొదటి గొట్టం ముందే ఆగిపోయి వణికేది. ఆమె తొందరపెట్టేది కాదు. పక్కన నిలబడి మాట్లాడేది.

ఏం మాట్లాడేదని! ఇన్నేళ్ళు తలపాగా కింద దాచుకున్న మాటలన్నీ అప్పుడు బయటికొచ్చాయి. "ఎత్తు బిడ్డా, ఎత్తు కాలు. మా సూపర్‌వైజర్‌గాడు ఈ గొట్టం లెక్కనే ఉంటడు, అడ్డంగ. వాన్ని దాటినట్టు దాటు. శెభాష్. ఇగ రెండోది మేనేజర్ మేడం. ఆమెను తాకకు, తాకితె మెయిల్ కొడ్తది." ఆ గొట్టాలన్నిటికీ టవర్‌లోని మనుషుల పేర్లు ఉండేవి. నన్ను కూడా ఒక గొట్టానికి పెట్టింది. వంగిపోయినదానికి.

వానలు పోయాయి. చలి వచ్చింది. చాందినీ నడక మెరుగైంది, కానీ పడుకోలేదు. ఆమె షెడ్డు నేలంతా వరిగడ్డి మందంగా పరిచేది, అది దాని మీదే నిలబడి తూలేది. మోకాళ్ళ మీద పుండ్లు మానేవి, మళ్ళీ రేగేవి. "నొప్పి తగ్గింది, భయం తగ్గలే," అనేది ఆమె. చిక్కిపోయింది, గుర్రం కాదు, ఆమె.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా కొట్టుకి ఎవరో పరుగెత్తుకొచ్చి గుర్రం చచ్చిపోయిందని చెప్పారు. నేను షట్టర్ సగం దించి వెళ్ళాను. అప్పటికే ఊళ్ళోవాళ్ళు పదిమంది పోగయ్యారు. ట్రంపెటాయన ఎక్కడినుంచో బంతిపూల దండ పట్టుకొచ్చాడు. మరిది మునిసిపాలిటీ ట్రాక్టరుకి ఫోను చేస్తున్నాడు. రేకుల కింద, ఎండపడే చోట, చాందినీ కాళ్ళు బారజాపి పక్కకు ఒరిగి పడుంది. మెడ గడ్డిలో వాలిపోయింది. ఆమె దాని తల పక్కనే నేలమీద కూర్చుని ఉంది. ఒక ముసలమ్మ దగ్గరికి పోయి శోకం ఎత్తుకోబోయింది.

ఆమె చప్పున చీపురు ఎత్తింది. "నోర్మూసుకోన్రి!" అని గుసగుసగా అరిచింది. గుసగుసగా అరవడం ఎలాగో ఆమెను చూస్తేనే తెలుస్తుంది. "సప్పుడు జేస్తే ఒక్కొక్కల నడుములిరగ్గొడ్త. పండుకున్నది. నా బిడ్డ పండుకున్నది."

అప్పుడు వినబడింది. గురక. మీరు గుర్రం గురక విని ఉండరు. పెద్ద కడవలోంచి నీళ్ళు వంచుతున్నట్టు ఉంటుంది. శవం చూడ్డానికి వచ్చినవాళ్ళందరం చెప్పులు విప్పేసి నిలబడి విన్నాం. మరిది ఫోను మోగితే ట్రంపెటాయన దాన్ని లాక్కుని తన చంకలో నొక్కేశాడు. ఎంతసేపు విన్నామో చెప్పలేను. చాందినీ కలలో వెనక కాలు విదిలించింది, మళ్ళీ సర్దుకుంది. ఆమె మా వైపు వీపు పెట్టుకుని కూర్చుంది. ఆ భుజాలు కదులుతుంటే నేను దండ పట్టుకున్న ట్రంపెటాయన్ని తీసుకుని బయటికొచ్చేశాను.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కథ చెప్పేవాడిగా నేనైతే ఇక్కడే ఆపుతాను.

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయి. గుర్రం బాగా నడుస్తోంది, మెరుస్తోంది, నిద్రపోతోంది. మరిది చూశాడు. అతనికి కనబడింది బాగుపడిన గుర్రం. ఆమె డ్యూటీలో ఉండగా కొత్త జీను తెచ్చి, పూసలు వేసి, చాందినీని తోలుకొచ్చాడు. గుర్రం అతని చేతికి లొంగదని తెలుసు కదా, అందుకని నోటికి ముళ్ళ కళ్ళెం బిగించాడు. నేను టెంటు వేసిన హాలుకే తెచ్చాడు. నేను చూశాను, ఆమెకు ఫోను చేశాను, పెళ్ళికొడుకు కుర్తా బొత్తాలు ఊడిపోయాయని చెప్పి సూదీ దారం వెతికే వంకతో కాసేపు ఆపాను. బొత్తాలు నేనే తెంపాననుకోండి.

ఆమె షేర్ ఆటో దిగింది. నీలం చీర, మెడలో కార్డు, బోడి నుదురు. చేతికి ఇంకా రబ్బరు గ్లౌజు ఉంది. పెళ్ళికొడుకు అప్పటికే స్టూలు ఎక్కి కాలెత్తాడు. ఆమె గుంపుని తోసుకుంటూ వచ్చి గుర్రానికీ అతనికీ మధ్య నిలబడింది. అంతమంది పెళ్ళివాళ్ళ ముందు ఆమె గొంతు నేను మొదటిసారి విన్నాను.

"ఎక్కకు బిడ్డా. జర ఆగు."

పెళ్ళికొడుకు తల్లి ముందుకొచ్చింది. "ఏందే నువ్వు? ఎవరు నువ్వు? శుభమా అని బరాత్ బయలెల్లుతుంటే గట్ల అడ్డమొస్తవ?"

"అందుకే వచ్చినమ్మా. నా మొగడు పోయి ఏండ్లయింది. నేను ముండమోపిదాన్ని. ఈ గుర్రాన్ని ఇన్నేండ్లు ఈ చుట్టుపక్కల పెండ్లిండ్లకు నడిపించింది నేనే, మొగోని బట్టలేసుకొని. నార్సింగి, మణికొండ, కోకాపేట, అన్ని పెండ్లిండ్లకు. దీని కళ్ళెం మీద నా చెయ్యి పడని దినం లేదు. ఇగ నీ ఇష్టం, ఎక్కుతె ఎక్కు."

బ్యాండు ఆగిపోయింది. పెళ్ళికొడుకు మేనమామ నా వైపు తిరిగాడు. "నిజమేనాయ్యా ఇది?"

నేను నిజం చెప్తే నమ్మరేమోనన్న భయం జీవితంలో ఆ ఒక్కసారే వేసింది. నిజమే అన్నాను. వెంటనే నమ్మారు. గుర్రం ఇంగ్లీషు వింటుందన్నప్పుడు సైతం రెండుసార్లు అడిగే జనం, దీన్ని మాత్రం ఒక్కసారికే నమ్మారు. పెళ్ళికొడుకు స్టూలు మీదనుంచి వెనక్కి దూకాడు. తల్లి అతని తలమీద నీళ్ళు చల్లింది. మరిది చెయ్యెత్తాడు, ట్రంపెటాయన అడ్డుపడ్డాడు. ఆమె చాందినీ నోట్లోంచి ముళ్ళ కళ్ళెం తీసి, నాలుక మీది నెత్తుటిని కొంగుతో తుడిచి, ఒట్టి చేత్తో జూలు పట్టుకుని షెడ్డు వైపు నడిపించుకుపోయింది.

మర్నాడు నేను కోప్పడ్డాను. "అక్కా, నాకొక్క మాట చెప్తే అయిపోయేది గద! గుర్రానికి అంటురోగమని మంచి అబద్ధం ఒకటి కొట్టేటోణ్ణి. నీ పేరు ఖరాబు చేసుకోవాల్నా?"

ఆమె గొట్టాలు సర్దుతోంది. "నీ అబద్ధం ఒక్క పెండ్లికి నిలుస్తది తమ్మీ. రేపటికి నీరుగారి పోతది. గిది ఎన్నటికీ నిలుస్తది. ఇగ ఈ ఊర్ల ఎవ్వడూ దాని మీద ఎక్కడు."

ఆ మాట నిజమైంది. ఎవ్వరూ ఎక్కలేదు. గుర్రాన్ని కొనడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు. కానీ దానికి కట్టాల్సిన సుంకం ఆమె ఒంటరిగా కట్టింది. ఆ చుట్టుపక్కల ఎవరి కాపురం చెడినా, ఎవరి కోడలికి కడుపు నిలవకపోయినా, ఎవరి కొడుకు ఉద్యోగం ఊడినా, ఆ పెళ్ళికి గుర్రం పట్టింది ఎవరో గుర్తు చేసుకున్నారు. షెడ్డు ముందుకొచ్చి మన్ను పోశారు, తిట్టారు. ఒకావిడ కారు దిగి మరీ వచ్చి, "నా బిడ్డ విడాకులు నీ పాపమే," అని ఏడ్చింది. ఆమె గడ్డి పరుస్తూనే, "మీ బిడ్డ పెండ్లికి నేను రాలేదమ్మా, మీరు బుల్లెట్ బండి పెట్టుకున్నరు," అంది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అయినా సరే," అని మళ్ళీ ఏడ్చింది. ఆమె లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆవిడ తాగలేదు.

నాతో ఆమె ఆ సంగతులు చెప్పి నవ్వేది. నవ్వు చివర దగ్గు వచ్చేది. తర్వాత్తర్వాత దగ్గే మిగిలింది. దవాఖానకి పొమ్మంటే, "నేను పండుకుంటె దాన్నెవరు నడిపిస్తరు?" అనేది. మొన్నటి వారం టవర్ మెట్ల మీద కూలిపోతే అక్కడివాళ్ళే అంబులెన్స్ ఎక్కించారు.

ట్రంపెటాయన చెప్పిన రోజు సాయంత్రమే నేను షెడ్డుకి వెళ్ళాను. ఆమెను ఆ పొద్దునే దహనం చేశారట, నలుగురితో. షెడ్డు ముందు ఒక మినీ లారీ ఆగి ఉంది. మరిది పక్కన కొత్త మనిషి, బీదర్ వైపునుంచి వచ్చిన గుర్రాల వ్యాపారి.

"నాకియ్యరా," అన్నాను మరిదితో. "నా గోడౌన్ ముందర ఉంచుకుంట."

"నీకిస్తే ఏం జేస్తవే? కతలు జెప్తవా దానికి? ఈయనకు మాటిచ్చిన, బయానా పైసలు తీస్కున్న."

నేను వ్యాపారి వైపు తిరిగాను. గుర్రానికి వెనక చూపు పోయిందన్నాను. పోయిన అమావాస్యకి ఒక మనిషిని తొక్కి చంపిందన్నాను. నా మొహం చూసే నవ్వాడు. చివరికి నిజం చెప్పాను. దీని నడుముకి దెబ్బ తగిలిందని, మళ్ళీ ఎవరైనా ఎక్కితే లేవదని. దీన్ని నడిపించింది మొగుడు పోయిన మనిషి, దీని మీద పెళ్ళికొడుకు ఎక్కితే అపశకునమని.

"మా దిక్కు ఎవ్వనికి ఎరుక భాయ్?" అన్నాడు. "అక్కడ గుర్రాన్నే చూస్తరు."

అతను చొక్కా చేతులు పైకి మడిచి చాందినీ దగ్గరికి వెళ్ళాడు. మెడ మొదలునుంచి వెన్ను పొడవునా బొటనవేళ్ళతో నొక్కుకుంటూ వచ్చాడు. నడుము దగ్గర ఆగి, గట్టిగా నొక్కాడు. కుంగు, అనుకున్నాను. ఒక్కసారి కుంగు తల్లీ. చెవులు వెనక్కి పెట్టు.

"అరె, జబర్దస్త్ వీపు! దెబ్బ తిన్నదన్నరు, యాడుంది దెబ్బ?" అన్నాడు. "ఎవరు చేసిన్రు దీని సేవ?"

"మేమే," అన్నాడు మరిది.

వ్యాపారి ఇంకా నమ్మకం చాలక, ఈసారి మోచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా దాని మీద మోపాడు. చాందినీ చెవి కూడా కదపలేదు.